సరిహద్దు గీతను చదవడం ఎలా? ఒంగోలు నుంచి ఆఫ్రికా దాకా ఒక సమగ్ర మార్గదర్శి

డీఎస్సీకో గ్రూప్స్‌కో తయారయ్యే పిల్లలు ప్రపంచ పటాన్ని పట్టికలాగా బట్టీ పడతారు. ఏ దేశానికి ఎప్పుడు స్వాతంత్ర్యం వచ్చింది, ఏ గీతకు ఎవరి పేరు పెట్టారు, ఏ ఒప్పందం ఏ ఏడాది జరిగింది అని. పరీక్ష అయిన వారానికి అందులో సగం మరిచిపోతారు. నెల్లూరు జిల్లాలో సోషల్ పాఠాలు చెబుతూ నేను గట్టిగా నమ్మిన సంగతి ఒకటి ఉంది. ఒక్క సరిహద్దును మొదటినుంచి చివరిదాకా చదవడం వచ్చినవాళ్లకు మిగతావి ఎవరూ బట్టీ పట్టించక్కర్లేదు.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ మార్గదర్శి అంతా దానిమీదే నడుస్తుంది. స్వాతంత్ర్యం వచ్చాక దేశాలు కొత్తగా గీసుకున్న గీతలు చాలా తక్కువ. తెల్లవాళ్లు తమ పాలన సౌకర్యం కోసం గీసుకున్న లోపలి గీతలే చాలాచోట్ల దేశాల సరిహద్దులయ్యాయి. జాతీయవాదం ఆ గీతలకు ప్రాణం పోసింది, కొన్నిచోట్ల వాటిని చెరిపింది, కొన్నిచోట్ల గీతను కదపలేక మనుషులనే కదిలించింది. ఇది తలకెక్కాలంటే, ఆఫ్రికా గురించి ఐరోపా పాలకులు సమావేశమైన బెర్లిన్‌తో మొదలుపెట్టకూడదు, ఒంగోలుతో మొదలుపెట్టాలి.

మొదటి మెట్టు: సరంజామా

పెద్దగా ఖర్చేమీ లేదు. ఒక మంచి స్కూల్ అట్లాసు, కొన్ని ట్రేసింగ్ పేపర్లు, మూడు రంగుల పెన్నులు, ఒక లాంగ్ నోట్‌బుక్. మన దేశ సరిహద్దుల వరకు సర్వే ఆఫ్ ఇండియా ఒప్పుకున్న పటమే వాడండి. నెట్‌లో దొరికే విదేశీ పటాల్లో కశ్మీర్, అరుణాచల్ దగ్గర గీతలు వేరుగా ఉంటాయి, క్లాసులో అవి చూపిస్తే లేనిపోని తలనొప్పి.

రంగులకు ఒక పద్ధతి పెట్టుకోండి. కొండ, నది లాంటి ప్రకృతి హద్దుకు నీలం. పాలకులు గీసిన గీతకు ఎరుపు. భాష, మతం, జనం కోరిక మీద ఏర్పడ్డదానికి ఆకుపచ్చ. కొన్ని గీతలమీద మూడు రంగులూ పడతాయి, అవే అన్నిటికంటే ఎక్కువ నేర్పుతాయి.

రెండో మెట్టు: ముందు మీ జిల్లా గీత

ప్రకాశం జిల్లా పటం ట్రేస్ చేసుకోండి. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కొంత తీసి ఒంగోలు జిల్లాగా దీన్ని ఏర్పాటు చేశారు. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి వచ్చాయి. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి. ఒంగోలునే తీసుకోండి. 1904 దాకా అది నెల్లూరు జిల్లాలో ఉంది. ఆ ఏడాది గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది. 1970లో తానే జిల్లా కేంద్రమైంది. ఊరు ఉన్నచోటే ఉంది, దాని చుట్టూ గీత రెండుసార్లు మారింది.

ఇప్పుడు ఇంకో పొర వెనక్కి వెళ్లండి. ఈ మూడు ముక్కలూ ఈస్టిండియా కంపెనీ చేతికి ఒకేసారి రాలేదు. చీరాల వైపు నేల గుంటూరు సర్కారులోది, అది నిజాం నుంచి 1788లో వచ్చింది. కంభం, మార్కాపురం వైపు నేల 1800లో నిజాం దత్తం చేసిన ప్రాంతంలోది. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఉన్నది ఆర్కాటు నవాబుది. 1801 జులై 31 ఒప్పందంతో నవాబుకు పింఛను మిగిలింది, పాలన కంపెనీకి పోయింది. ఆర్కాటు నవాబుల కర్ణాటక రాజ్యానికి ఉత్తరపు హద్దుగా అప్పట్లో చెప్పుకున్నది మన గుండ్లకమ్మనే. అంటే చీరాల నుంచి ఒంగోలు వచ్చే మనిషి 1801కి ముందు ఏరు దాటితే రాజ్యం దాటినట్టు.

ఈ పని ఒక ఆదివారం ఓపిగ్గా చేయండి. గుండ్లకమ్మకు నీలం, దానిమీదే ఎరుపు వేసినప్పుడు, ప్రకృతి హద్దు రాజకీయ హద్దుగా ఎలా మారుతుందో, తర్వాత ఆ రాజకీయ హద్దు ఎలా కరిగిపోతుందో మీ కళ్లముందే కనిపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో కందుకూరు నెల్లూరులో, చీరాల, అద్దంకి బాపట్లలో, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతిలో కలిశాయి. జిల్లాల గీతలు ఆ తర్వాతా కదులుతూనే ఉన్నాయి కాబట్టి మీ దగ్గరున్న పటం ఏ ఏడాదిదో మూలన రాసుకోండి. ఏడాది లేని పటాన్ని అసలు నమ్మవద్దు.

మూడో మెట్టు: ప్రతి గీతకూ నాలుగు ప్రశ్నలు

ఎవరు గీశారు? దేన్ని ఆధారం చేసుకుని గీశారు? ఆ రోజు అక్కడ ఎవరు బతుకుతున్నారు, వాళ్లనెవరైనా అడిగారా? తర్వాత ఆ గీత ఎవరికి వారసత్వంగా వచ్చింది?

ఈ నాలుగూ తడ దగ్గర వేసి చూడండి. జాతీయ రహదారిమీద తడ దాటి ఆరంబాక్కం చేరేసరికి బోర్డులన్నీ తమిళంలోకి మారిపోతాయి. కానీ టీ కొట్టు దగ్గర నిలబడి చెవి ఒగ్గితే తెలుగు మాటలు వినిపిస్తూనే ఉంటాయి, గుమ్మిడిపూండి దాకా అంతే. ఇటు తడ, సూళ్లూరుపేట సంతల్లో తమిళం కూడా అంతే మామూలు. పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది, పులికాట్ పట్నం దగ్గరి ముఖద్వారం తమిళనాడులో ఉంది. చేపలకూ రొయ్యలకూ ఆ గీతతో పనిలేదు గానీ వలేసేవాళ్లకు ఉంది.

మరి ఆ గీత ఎక్కడిది? బ్రిటిషువాళ్ల కాలంలో ఈ వైపున్నది నెల్లూరుకూ చెంగల్పట్టుకూ మధ్య జిల్లా హద్దు. రెండూ మద్రాసు రాష్ట్రంలోనివే కాబట్టి అటూ ఇటూ తిరిగేవాళ్లకు దానితో పెద్ద పట్టింపు ఉండేది కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేసరికి అదే రాష్ట్ర సరిహద్దయింది. కలెక్టర్ల సౌకర్యానికి గీసిన గీత ఒక్క రాత్రిలో రెండు ప్రభుత్వాల మధ్య గీతగా మారింది. దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి, ఆఫ్రికాలో ఇదే మళ్లీ కనిపిస్తుంది.

నాలుగో మెట్టు: జాతీయవాదం చేసే రెండు పనులు

ఐరోపా పాఠాన్ని చాలామంది సాగదీస్తారు. పటం చదవడానికి అంత అక్కర్లేదు. జాతీయవాదం ముక్కలను అతుకుతుంది, అతుకులను విప్పుతుంది. 1861లో ఇటలీ, 1871లో జర్మనీ అతుక్కున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఆస్ట్రియా-హంగరీ విడిపోయింది. దాని నేలమీదా పక్కనా చెకొస్లొవేకియా, యుగొస్లావియా లేచాయి. 1795లో పటంమీద నుంచి మాయమైన పోలండ్ 1918లో తిరిగి వచ్చింది.

ఒక్కచోట మాత్రం కాసేపు ఆగండి. 1923లో గ్రీసు, తుర్కీ తమ జనాన్ని మార్చుకున్నాయి. తుర్కీ నేలమీది క్రైస్తవులు సుమారు 12 లక్షల మంది గ్రీసుకు, గ్రీసులోని ముస్లింలు సుమారు 4 లక్షల మంది తుర్కీకి చెందుతారని లెక్క తేల్చారు. చాలామంది అప్పటికే యుద్ధంలో పారిపోయి వచ్చారు, మిగిలినవాళ్లను పంపించారు. లెక్కకు తీసుకున్నది మతాన్నే. ఇంట్లో తుర్కీ భాష తప్ప ఇంకోటి రాని క్రైస్తవులు కూడా గ్రీకులైపోయారు. జాతి అంటే భాషా, మతమా, పుట్టిన నేలా అన్న ప్రశ్నకు ఒక్కోచోట ఒక్కో జవాబు ఇచ్చారు. ఏ జవాబు ఇచ్చారన్నదాన్ని బట్టే గీత ఎక్కడ పడుతుందో, ఎవరు మూట నెత్తిన పెట్టుకుంటారో తేలుతుంది.

ఐదో మెట్టు: వలస గీత ఎలా పుడుతుంది

అది ఒక్కరోజులో గీసేది కాదు. ముందు రేవు, తర్వాత గిడ్డంగి, గిడ్డంగికి కోట, కోట చుట్టూ పన్నులు వసూలు చేసే నేల, ఆ నేలకు గీత. ఈ వరసంతా మన తీరంమీదే దొరుకుతుంది. డచ్చివాళ్లు పులికాట్‌లో 1613లో కోట కట్టారు. ఇంగ్లిషు కంపెనీ 1626 ప్రాంతంలో దుగరాజపట్నంలో స్థావరం వేసింది, ఆర్మగాన్ అని వాళ్లు పిలిచింది దాన్నే. అక్కడ వ్యాపారం సరిగా సాగక ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెళ్లి 1639లో దామెర్ల నాయకుల నుంచి కొంత ఇసుక నేల తీసుకున్నాడు. ఆ నేలే మద్రాసయింది. ఆ మద్రాసే తర్వాత నెల్లూరును పాలించింది. నెల్లూరు తీరంలోని చిన్న రేవు నుంచి మొదలైన కథ ఇదని మన పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ, అది నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు ఆఫ్రికా. బెర్లిన్ సమావేశం 1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా జరిగింది. ఆఫ్రికావాళ్లు ఒక్కరూ ఆ బల్ల దగ్గర లేరు. అయితే అక్కడే స్కేలు పెట్టి ఖండమంతా కోసేశారని గైడ్లలో ఉంటుంది, అది సరికాదు. బెర్లిన్‌లో తేల్చింది ముఖ్యంగా ఆట నియమాలు: తీరంమీద ఎవరు ఆక్రమిస్తే మిగతావాళ్లకు చెప్పాలి, నిజంగా పాలిస్తున్నట్టు చూపించాలి, కాంగో, నైజర్ నదులమీద రాకపోకలు స్వేచ్ఛగా ఉండాలి. అసలు గీతలు ఎక్కువగా ఆ తర్వాత ఇరవై, ముప్పై ఏళ్లలో ఇద్దరిద్దరు పాలకుల మధ్య ఒప్పందాల్లో పడ్డాయి. 1914 నాటికి ఇథియోపియా, లైబీరియా తప్ప దాదాపు ఖండమంతా ఐరోపావాళ్ల కింద ఉంది.

ట్రేసింగ్ పేపర్‌మీద మూడు చోట్లు వేయండి. మొదటిది గాంబియా. 1889లో ఫ్రాన్సు, బ్రిటన్ కుదుర్చుకున్న ఒప్పందంతో నది వెంట ఒక సన్నటి పట్టీ బ్రిటన్‌కు మిగిలింది. ఇప్పటికీ సెనెగల్ కడుపులోకి చొచ్చుకుపోయిన నాలుకలా ఉంటుంది. రెండోది నమీబియా ఈశాన్యంలోని కాప్రివి పట్టీ. జాంబెజీ నదిని అందుకోవాలని జర్మనీ 1890లో బ్రిటన్ దగ్గర దాన్ని సంపాదించింది, అప్పటి జర్మన్ ఛాన్సలర్ పేరే దానికి పెట్టారు. నది దొరికింది గానీ దిగువన విక్టోరియా జలపాతం అడ్డం, పడవలు సముద్రందాకా పోలేవు. మూడోది సోమాలీలు. ఒకే భాష మాట్లాడే జనం బ్రిటిష్, ఇటాలియన్, ఫ్రెంచ్ సోమాలీ నేలలకూ, ఇథియోపియాలోని ఒగాడెన్‌కూ, కెన్యా ఉత్తర ప్రాంతానికీ చీలిపోయారు. సోమాలియా జెండామీది నక్షత్రానికి ఐదు కొనలు అందుకే.

తిన్నటి గీత కనిపించిన ప్రతిచోటా ఎరుపు పెన్ను తీయండి. ఇండొనేషియాకూ పపువా న్యూగినియాకూ మధ్య గీత 141 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట నిటారుగా పోతుంది, ఫ్లై నది దగ్గర మాత్రం చిన్న వంపు తిరుగుతుంది. దాని దక్షిణ భాగం డచ్చివాళ్లూ బ్రిటిషువాళ్లూ 1895లో ఒప్పుకున్న గీత. ఆ కొండల్లో ఏ తెగ ఎక్కడుందో ఇద్దరికీ పూర్తిగా తెలియదు.

ఆరో మెట్టు: స్వాతంత్ర్యం రోజున గీత ఎవరి చేతికి వచ్చింది

లాటిన్ అమెరికా దేశాలు స్పెయిన్ నుంచి విడిపోయినప్పుడు, 1810 నాటికి స్పెయిన్ పెట్టుకున్న పాలన విభాగాల హద్దులనే చాలావరకు తమ సరిహద్దులుగా ఒప్పుకున్నాయి. 1960లో ఆఫ్రికాలో ఒక్క ఏడాదిలోనే 17 దేశాలు స్వతంత్రమయ్యాయి. 1964 జులైలో కైరోలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ దేశాధినేతలు, స్వాతంత్ర్యం నాటికి ఉన్న సరిహద్దులను గౌరవిస్తామని తీర్మానించారు. సోమాలియా, మొరాకో ఒప్పుకోలేదు. సోమాలీల సంగతి మీకిప్పుడు తెలుసు కాబట్టి వాళ్లు ఎందుకు ఒప్పుకోలేదో వేరే చెప్పక్కర్లేదు.

తమను చీల్చిన గీతలనే ఆ నాయకులు ఎందుకు పట్టుకున్నారు? ఇది పరీక్షలో రాకపోయినా ఆలోచించాల్సిన ప్రశ్న. ఒక గీతను కదిపితే పక్క గీతను కూడా కదపమంటారు, దానికి అంతుండదు. అన్యాయమైన గీత అని తెలిసినా దాన్ని మార్చడానికి జరిగే యుద్ధం ఇంకా పెద్ద అన్యాయమని వాళ్లు లెక్కేశారు. నా మటుకు నాకు అది పిరికితనంగా అనిపించదు, చేతిలో ఇంకో దారి లేని పెద్దమనుషుల తీర్పుగానే కనిపిస్తుంది. 1945లో ఐక్యరాజ్యసమితిలో 51 సభ్యదేశాలు, ఇప్పుడు 193. అందులో ఎక్కువభాగం ఈ పాత గీతలమీదే నిలబడ్డాయి.

ఏడో మెట్టు: రాడ్‌క్లిఫ్ గీతను తొందరపడకుండా చదవండి

1947లో భారత్, పాకిస్తాన్‌లను విడదీసిన గీత ఇది. దీనికి ఒక ఆదివారం పూర్తిగా ఇవ్వండి. సిరిల్ రాడ్‌క్లిఫ్ లండన్ లాయరు, అంతకుముందు ఇండియాకు వచ్చినవాడు కాదు. 1947 జులై 8న దిగాడు. పంజాబుకూ బెంగాలుకూ ఒక్కో కమిషన్, రెండింటికీ ఆయనే అధ్యక్షుడు. ఒక్కోదాంట్లో కాంగ్రెస్ సూచించిన జడ్జీలు ఇద్దరు, ముస్లిం లీగ్ సూచించిన జడ్జీలు ఇద్దరు. వాళ్లు రెండుగా చీలిపోవడంతో నిర్ణయం ఆయన ఒక్కడి మీద పడింది. చేతిలో 1941 జనాభా లెక్కలు, జిల్లా, తహసీలు పటాలు, ఐదు వారాల గడువు.

గురుదాస్‌పూర్ జిల్లాను పెద్దదిగా గీసుకోండి. నాలుగు తహసీళ్లు. రావి నదికి అవతల ఉన్న షకర్‌గఢ్ పాకిస్తాన్‌కు పోయింది, గురుదాస్‌పూర్, బటాలా, పఠాన్‌కోట్ మనకు వచ్చాయి. ఇక్కడ మీ మూడు రంగులూ ఒకేచోట పడతాయి: నది నీలం, తహసీలు హద్దు ఎరుపు, మతం లెక్క ఆకుపచ్చ.

గీతను బయటపెట్టింది ఆగస్టు 17న. అంటే స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఏ దేశంలో ఉన్నామో తెలియకుండానే లక్షలమంది జెండా ఎగరేశారు. బెంగాల్లో ఖుల్నాలో మన జెండా ఎగిరింది, ముర్షీదాబాద్‌లో పాకిస్తాన్ జెండా ఎగిరింది. రెండు రోజుల తర్వాత ఖుల్నా అటు, ముర్షీదాబాద్ ఇటు అని తెలిసి జెండాలు మార్చుకున్నారు. ఆ వేసవి నుంచి మొదలై కోటిమందికి పైగా ఇళ్లు వదిలారు. ఈ అంకెను పిల్లలచేత రాయించేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, మీ మండలం మొత్తం ఒక్క వారంలో ఖాళీ అయితే ఎలా ఉంటుందో ఊహించమనండి.

ఎనిమిదో మెట్టు: భాష గీసిన గీత

1952ను నోట్‌బుక్‌లో పెద్దగా రాయండి. ఫిబ్రవరి 21న, అప్పట్లో పాకిస్తాన్‌లో ఉన్న ఢాకాలో బెంగాలీ భాష కోసం వీధిలోకి వచ్చిన విద్యార్థులమీద కాల్పులు జరిగాయి. అదే ఏడాది అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్షకు కూర్చుని, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. 58 రోజులు. ఆయన పూర్వీకులది కనిగిరి ప్రాంతంలోని పడమటిపల్లె. అంతకుముందు నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని కూడా ఆయన దీక్ష చేశారు. ఆయన పోయిన నాలుగు రోజులకు, డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. ఢాకాలో ఆ రోజు పడిన రక్తం 1971లో బంగ్లాదేశ్ దాకా వెళ్లింది. ఒకచోట భాష దేశాన్ని విడదీసింది, ఇంకోచోట దేశం లోపలే రాష్ట్రంగా సర్దుకుంది. ఈ తేడా ఎందుకు వచ్చిందో ఒక పేజీ రాయండి. నా ఉద్దేశంలో, ఆలస్యంగానైనా మాట వినే పాలకులు ఉన్నారా లేదా అన్నదే అసలు తేడా.

తర్వాత తిరుత్తణి పటం తీయండి. 1953లో రాష్ట్రం వచ్చినా తమిళులతో హద్దు తగువు తేలలేదు. పటాస్కర్ గారిని మధ్యవర్తిగా పెట్టారు. గ్రామాన్ని యూనిట్‌గా తీసుకోవడం, ఎక్కువమంది ఏ భాష మాట్లాడతారో చూడడం, ఆ ఊరు రాష్ట్రానికి ఆనుకుని ఉందా అని చూడడం, ఇవీ ఆయన సూత్రాలు. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి మద్రాసుకు పోయింది, సత్యవేడు వైపు ఊళ్లు మనకు వచ్చాయి. రాడ్‌క్లిఫ్ గీత పక్కన ఈ గీతను పెట్టి చూడండి. అక్కడ ఐదు వారాలు, ఇక్కడ ఏళ్ల తరబడి ఊరూరి లెక్క. ఇక్కడ కూడా మనసు నొచ్చుకున్నవాళ్లు రెండు వైపులా ఉన్నారు, కానీ ఎవరూ ఇల్లు వదిలి పారిపోలేదు.

తొమ్మిదో మెట్టు: చెరిగిపోయిన గీత మళ్లీ లేవడం

1956 నవంబరు 1న ఆంధ్రా తెలంగాణా కలిసినప్పుడు నిజాం రాజ్యపు హద్దు చెరిగిపోయిందనుకున్నాం. 2014 జూన్ 2న చాలావరకు అదే గీత రాష్ట్ర సరిహద్దుగా లేచింది. పోలవరం ముంపు మండలాల దగ్గర, భద్రాచలం దగ్గర తేడాలున్నాయి, వాటిని విడిగా గుర్తించండి. ఎరిత్రియాను ఇథియోపియా కలుపుకుంది, 1993లో అది పాత ఇటాలియన్ వలస హద్దులతోనే స్వతంత్రమైంది. తూర్పు తైమూర్ 2002లో స్వతంత్రమైతే దీవిమధ్య గీత డచ్చి, పోర్చుగీసు పాలకులదే. సోవియట్ యూనియన్ 1991లో విడిపోయినప్పుడు 15 రిపబ్లిక్కుల లోపలి హద్దులే దేశాల హద్దులయ్యాయి. మన యానాం కూడా ఈ జాబితాలోదే. ఫ్రెంచివాళ్లు 1954లో అప్పజెప్పి వెళ్లినా, గోదావరి జిల్లాల మధ్య అది ఇప్పటికీ పుదుచ్చేరిలో భాగంగానే ఉంది.

గీతను మాట్లాడుకుని సరిచేసుకున్నది కూడా ఒక్కటి చదవండి. భారత్, బంగ్లాదేశ్ మధ్య 162 చిట్టి భూభాగాలు ఒకరివి ఇంకొకరి నేలలో ఇరుక్కుని ఉండేవి. 2015 జులై 31 అర్ధరాత్రి వాటిని మార్చుకున్నారు. అక్కడివాళ్లు ఏ దేశ పౌరులుగా ఉండాలో వాళ్లనే ఎంచుకోమన్నారు. మూడో మెట్టులో వేసిన మూడో ప్రశ్నకు అవును అని జవాబు దొరికే గీతలు అరుదు, ఇది వాటిలో ఒకటి.

చివరి మెట్టు: మీరే ఒక గీత రాయండి

అట్లాసులోంచి ఇక్కడ చెప్పని గీత ఒకటి ఎంచుకోండి. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మధ్య 1893 నాటి డ్యూరాండ్ గీత తీసుకోవచ్చు, దక్షిణ సూడాన్ తీసుకోవచ్చు. నాలుగు ప్రశ్నలకూ ఒక్కో పేరా చొప్పున ఒక పేజీ రాయండి. ఏడాదులు రెండు మూడు చాలు, కానీ అక్కడ బతికే జనం పేరు తప్పకుండా ఉండాలి. టీచర్లయితే బెంచీకి ఒక గీత ఇవ్వండి, పేజీలు మార్చుకుని ఒకరిది ఇంకొకరు దిద్దమనండి. ఎవరు గీశారో రాసి, ఎవరిమీద గీశారో రాయని పేజీకి సగం మార్కులే వేయండి.